పంచె కాయితం

మొదటి రీము విప్పగానే మా అటెండరు బాబాయి ఒక కాయితం తీసి కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇదేంటి మేడంగారండీ, ముతక పంచెలాగుంది?" అన్నాడు. నిజమే, మల్లెపువ్వు తెలుపైతే కాదు.

అమలాపురం దగ్గర కాలవల పనులు చూసే ఆఫీసు మాది. వేసవిలో కాలవలు కట్టేసేలోపు ఎస్టిమేట్లన్నీ తయారవ్వాలి, ఒక్కోదానికి నాలుగేసి కాపీలు. ఫైళ్లు కంప్యూటర్లోనే నడిపే ఈ-ఆఫీసు వచ్చినా ప్రింట్లు ఆగలేదు. స్టాకు రిజిస్టరు నా దగ్గరే కాబట్టి ఎంత కాయితం తగలేస్తున్నామో నాకు తెలుసు. ఓ సాయంత్రం మిరపకాయ బజ్జీలు కొంటే, పొట్లం మా పాత ఎస్టిమేటు పేజీయే. పక్కన నా టిక్కులు కూడా ఉన్నాయి! బజ్జీల పాలయ్యే రాతలకి కలప నుంచి తీసిన కొత్త గుజ్జు దేనికని, సామాను కావాలని పెట్టే ఇండెంటులో రీసైకిల్డ్ ఎ4, 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) అని రాశాను.

"రాజమండ్రి మిల్లుకి సరుగుడు, సుబాబుల్ లారీలు రోజూ పోతూనే ఉన్నాయిగా, మనకిదెందుకమ్మా? రేటు తక్కువా?" అన్నారు సూపరింటెండెంటు గారు. తక్కువేం కాదు, దాదాపు అంతే. రెండువైపులా ప్రింటు తీస్తే మిగులుతుందని లెక్కేసి చూపించాను. ముందు ఇరవై రీములకి ఒప్పుకున్నారు.

శ్రావణం వానల్లో మొదలైంది అసలు గొడవ. ప్రింటరు రెండేసి కాయితాలు లాక్కుని నమిలేసేది. బయటికొచ్చినవి అప్పడాల్లా వంకర్లు తిరిగేవి. అందరూ నా కాయితాన్నే తిట్టారు. మెకానిక్కు వచ్చి రోలరు మీది బూడిదరంగు నుసి వేలితో తీసి చూపించాడు. తిరిగి గుజ్జు చేసిన ప్రతిసారీ కాయితంలో పీచు పొట్టిదైపోతుందట, అందుకే నుసి కాస్త ఎక్కువ. "కానీ ఇంత జాము దానివల్ల కాదండి, రీములెక్కడ పెడుతున్నారు?" అన్నాడు. చెమ్మ దిగే పడమటి గోడ వార, నేల మీద! అదే మూల నుంచి పాత తెల్ల రీము తెచ్చి పెడితే అదీ జామైంది. నాకెంత సంతోషమేసిందో.

గోడకి ఎడంగా చెక్కబల్ల వేయించాం. కావలసినప్పుడే రీము విప్పడం, మిగిలింది పాలిథీను కవర్లో పెట్టి ఇనుప బీరువాలో పడేయడం, వారానికోసారి రోలరు తుడవడం. జాములు చాలావరకు తగ్గాయి.

సిరా సంగతి మాత్రం తేలలేదు. మా ఆఫీసరు గారు పచ్చ సిరా పెన్నుతో సంతకం పెడితే దానికి జెర్రికాళ్లు మొలిచేవి. ఎన్నేళ్లయినా నిలవాల్సిన అగ్రిమెంట్లకి తెల్ల కాయితమే వాడదామన్నారు, నేనూ వాదించలేదు. డ్రాఫ్టులు, నోటీసులు, సర్కులర్లు, ఎస్టిమేట్ల కాపీలు దీనిమీదే.

ఈలోగా పైఆఫీసు నుంచి ఒక ఎస్టిమేటు తిరిగొచ్చింది, "ఫెయిర్ కాపీ పంపవలెను" అని. రంగు చూసి డ్రాఫ్టనుకున్నారు! మళ్లీ నలభై ఆరు పేజీలు తెల్లటి వాటి మీద తీసి పంపాను. ఆ మంట ఇంకా ఉంది నాకు. అప్పట్నుంచి కవరింగ్ లెటర్ కింద "రీసైకిల్డ్ కాగితంపై ముద్రించినది" అని ఒక లైను కొడుతున్నాను. మళ్లీ ఏదీ వెనక్కి రాలేదు.

మొన్న కొత్త ఇండెంటు రాస్తుంటే బాబాయి వచ్చి నిలబడ్డాడు.

"పంచె కాయితం ఎన్ని రీములు రాస్తున్నారండీ?"

"ముప్ఫై."

"ఇరవైయ్యే రాయండి. బల్ల మీద అంతకంటే పట్టవు."