చుక్క ఫైళ్లు, సరుకుల చీటీ

తిరుపతి, ఆదివారం

పొద్దున్నుంచీ ముసురే. మిద్దెక్కి చూస్తే కొండ కూడా కనబడలేదు. ఇల్లు కదలకుండా లాప్‌టాప్ పని పూర్తి చేసుకుందామని కూర్చున్నాను. పోయిన వారం డిస్క్ చచ్చిపోయింది. నిన్న తిలక్ రోడ్డుకెళ్లి కొత్తది వేయించుకొచ్చి, రాత్రి ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను.

మూడేళ్ల కింద ఇట్లాగే ఒకసారి అయింది. ఫోటోలు, కాగితాలు బ్యాకప్‌లో ఉన్నాయి. పోయినవి సెట్టింగులు. టెర్మినల్లో పెట్టుకున్న షార్ట్‌కట్లు, ఎడిటర్ తీరు, తెలుగు ఫాంట్ల వరస. ఇవన్నీ పేరుకు ముందు చుక్క ఉండే ఫైళ్లలో ఉంటాయి, మామూలుగా చూస్తే కనబడవు. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ తొలినాళ్లలో, ఉన్న ఫోల్డరుకూ దాని పై ఫోల్డరుకూ గుర్తులైన ఒక చుక్క, రెండు చుక్కల పేర్లను జాబితాలోంచి దాచబోయి, చుక్కతో మొదలయ్యే ప్రతి పేరునూ దాచేశారని, దాని మీద పనిచేసిన రాబ్ పైక్ రాశాడు. కళ్లబడనివాటిని బ్యాకప్ తీయాలని నాకప్పుడు తోచనే లేదు. వాటిని ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని మళ్లీ పెట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఆ బాధతోనే నిక్స్, హోమ్ మేనేజర్ నేర్చుకున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ కావాలో ఫైల్లో రాసిస్తే తెచ్చిపెట్టేది నిక్స్. దాని సాయంతో నా సెట్టింగుల్నీ అట్లాగే పెట్టేది హోమ్ మేనేజర్. నిక్స్ నెదర్లాండ్స్‌లో 2003లో మొదలైంది. దాన్ని తయారుచేసిన ఎల్కో డోల్‌స్ట్రా 2006లో పీహెచ్‌డీ చేసింది కూడా దాని మీదే.

తమ్ముడు పక్కన కూర్చుని, "హోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోనుంటే సరిపోయేది గదక్కా?" అన్నాడు.

"అట్ల చేస్తే చెత్త కూడా వచ్చేస్తుంది రా. ఏది నేను కావాలని పెట్టిందో, ఏది దానంతట అదే చేరిందో తెలీదు. అమ్మ అంగడికి చీటీ రాస్తుంది చూడు. కందిపప్పు రెండు కేజీలు, చెనక్కాయ గింజలు కేజీ. ఏ డబ్బా దింపాల, ఎట్ల తూచాల అని రాస్తుందా? అది అంగడాయన పని. నా ఫైలూ అంతే. ఏం ఉండాలో రాస్తా. ఎట్ల తేవాలో నిక్స్ చూసుకుంటుంది."

ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్‌లోంచి నా ఫైళ్లు తెచ్చి హోమ్ మేనేజర్ నడిపితే మొదటి అడుగులోనే ఆగింది. టెర్మినల్లో కమాండ్లు నడిపే బాష్‌కు ఉబుంటు తనంతట పెట్టిన సెట్టింగుల ఫైలు అడ్డముంది, దాన్ని చెరపనంటుంది. నాకిది చాలా నచ్చే గుణం. పాతదాన్ని పక్కన పెట్టమని చెబితే పేరు మార్చి పెట్టింది. తర్వాత తెలుగు కీబోర్డుకు వేరే ఫైలు రాసి కలిపాను. కళ్లెదురుగా ఉన్న ఫైలే లేదంటుంది! అరగంట వెతికాను. ఫ్లేక్ అనే నిక్స్ పద్ధతి వాడితే గిట్‌కు చెప్పని కొత్త ఫైలు దానికి కనబడదని అప్పుడు గుర్తొచ్చింది. గిట్‌లో చేర్చగానే నడిచింది. తప్పుగా రాసినా భయం లేదు, ముందటి జెనరేషన్‌కు, అంటే మార్చకముందున్న స్థితికి, వెళ్లిపోవచ్చు.

లాగిన్ కీలు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో రాయను. నిక్స్ తెచ్చినవన్నీ పెట్టే ఫోల్డరు, నిక్స్ స్టోర్‌లో పడ్డదాన్ని ఆ మిషన్ మీద అకౌంట్ ఉన్న ఎవరైనా చదవొచ్చు. అవి పెన్‌డ్రైవ్ నుంచి చేత్తోనే పెట్టాను.

అమ్మ పిలిస్తే వెళ్లి సంగటి, ఊరుబిండి తినొచ్చాను. వచ్చేసరికి అంతా దిగింది. తెర అచ్చం నా తెరే.

ఆ తర్వాత గంటసేపు చేసిందేమంటే, నా ఫైలు నేనే చదువుకోవడం. ప్రతి వరుసకీ పక్కన కారణం రాసే అలవాటు నాకు. "ఈ ఫాంట్ తీసేయొద్దు, ఇది లేకుంటే వత్తులు విడిపోతున్నాయి." "ఈ షార్ట్‌కట్ ఆఫీసు పనికి, ప్రాజెక్టు అయిపోతే తీసెయ్." మూడేళ్లలో నేను దేనికి తంటాలు పడ్డానో అంతా అందులో ఉంది. ఈ డైరీలో కూడా అంత వివరంగా రాసుకోలేదు.

ఒకచోట ఆగాను. "పేపర్" అని టైప్ చేస్తే దినపత్రిక పెద్ద అక్షరాల్లో తెరుచుకునే చిన్న కమాండ్. పక్కన, "నాన్నకు. శుక్లం వచ్చింది, డాక్టరు ఆగమన్నాడు."

హాల్లోకి తొంగిచూస్తే నాన్న కిటికీ దగ్గర కూర్చుని, అద్దాలు లేకుండా, మబ్బు వెలుతురులోనే పేపరు చదువుతున్నాడు.

ఆ వరుస చెరిపేసి మళ్లీ నడిపాను. కమాండ్ పోయింది. గిట్‌లో సందేశం అడిగితే రాశాను: "నాన్నకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. ఇక అక్కర్లేదు."