ఫోన్‌లో గుయ్యిమనే మోత

ఈరోజు పనంతా ఫోన్ల చుట్టూనే గడిచింది. నిన్న సాయంత్రం నుంచి బయటి కాల్స్‌లో గుయ్యిమని ఒకటే మోత. అకౌంట్స్ మేడమ్ పాపం పొద్దున్నుంచీ గొంతు పెంచి మాట్లాడుతున్నారు. "బాబూ, అవతలివాళ్లు అరవై అంటున్నారో ఇరవై అంటున్నారో తెలియట్లేదు, ఎలా రాసుకోను?" అన్నారు. లెక్కలు చూసే మనిషికి అంతకంటే టెన్షన్ ఏముంటుంది?

ఆఫీసు ఫోన్లన్నిటినీ బయటి లైన్లతో కలిపే మెషీన్ పాడైనట్టుంది, మార్చేద్దాం అని సార్ అప్పుడే అనేశారు. కాసేపు ఆగమన్నాను. మోత ఎలాంటిదో వినకుండా పెట్టె మార్చడం నాకు నచ్చదు. రిసీవర్ ఎత్తి ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగుతుంది. ఆ కొద్ది సెకన్లలో లైన్‌లో ఉన్న చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. చిటపటమంటే ఎక్కడో వదులైన కనెక్షన్ ఉందని అనుమానించాలి. సన్నగా వేరేవాళ్ల మాటలు వినిపిస్తే వైర్ల జతలు తారుమారయ్యాయేమో చూడాలి. ఇది ఆ రెండూ కాదు. ఎక్కడా తెగకుండా ఒకే స్థాయిలో వస్తోంది, అంటే కరెంటు మోత. మామూలు ఫోన్ లైన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాన్నే సరిగ్గా మోస్తుంది కాబట్టి 50 హెర్ట్జ్ కరెంటు నేరుగా పెద్దగా వినపడదు. చెవికి తగిలేది దాని రెట్లు, అంటే 350, 450, ఇంకా పైవి. అందుకే ఆ మోతలో కాస్త గరుకు ఉంటుంది.

ముందు ఆఫీసు లోపలే ఒక ఎక్స్‌టెన్షన్ ఫోన్ నుంచి ఇంకో ఎక్స్‌టెన్షన్‌కు మాట్లాడి చూశాం. శుభ్రంగా ఉంది. తర్వాత బయటి లైన్ వచ్చే డబ్బా దగ్గర మెషీన్ వైపు వైరు విప్పేసి, మామూలు ఫోన్ ఒకటి నేరుగా తగిలించాను. అక్కడా మోత లేదు. అంటే ఫోన్ కంపెనీ వాళ్ల లైన్ బాగుంది. అదే లైన్‌ను మెషీన్‌లో వేరే పోర్టుకు మార్చితే మోత కూడా దానితోపాటే అక్కడికి వచ్చింది. ఇక మిగిలింది డబ్బాకీ మెషీన్‌కీ మధ్య ఉన్న వైరే.

ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీసి టార్చి వేస్తే విషయం తెలిసిపోయింది. ఈమధ్య యూపీఎస్ కోసం లాగిన పవర్ కేబుల్‌కు ఫోన్ వైరును ఆనించి, రెండిటికీ కలిపి ట్యాగ్ బిగించారు. పైగా అక్కడ పాత వైరు చాలక చదునైన వైరు ముక్క అతికించారు. ఆ జాయింట్ మీద టేపు జిగురు కారి, సగం ఊడి ఉంది. విప్పి చూస్తే ఒక తీగ బాగానే మెరుస్తోంది, రెండోది పచ్చగా చిలుము పట్టి పొడిపొడిగా రాలుతోంది.

ఫోన్‌కు రెండు తీగల మధ్య తేడాయే శబ్దం. రెండూ మెలిపడి ఉంటే పక్కన ఉన్న కరెంటు రెండిటి మీదా ఇంచుమించు ఒకేలా పనిచేస్తుంది, తేడా ఉండదు కాబట్టి మోత కొట్టుకుపోతుంది. గ్రాహంబెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్న కిటుకు ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఫోన్ వైరు, నెట్‌వర్క్ వైరు దాని మీదే నడుస్తున్నాయంటే నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మెలి లేని ముక్కలో ఆ సమతూకం పోతుంది. ఒక తీగ జాయింటు చిలుముపట్టి అడ్డుపడితే మరీ పోతుంది.

సాయానికి వచ్చిన తమ్ముడు రెండు కొనలూ వేళ్లతో పట్టుకోబోతే ఆపాను. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు 48 వోల్టులే, కానీ ఆ క్షణంలో రింగ్ వస్తే 70, 80 దాటుతుంది, గట్టిగానే కొడుతుంది. అందుకే డబ్బా దగ్గర లైన్ తీసేశాకే పని మొదలుపెట్టాం. చదును ముక్కను పీకేసి, డబ్బా నుంచి మెషీన్ దాకా మధ్యలో జాయింటు లేకుండా మెలి వైరు వేశాం. పవర్ కేబుల్‌కు దూరంగా అవతలి గోడ వెంట తీసుకెళ్లాం. ఒకచోట దాన్ని దాటక తప్పలేదు, అక్కడ అడ్డంగా దాటించాం.

మోత పోయింది. మేడమ్ ఫోన్‌లో మాత్రం ఇంకా చిటపట మిగిలింది. రిసీవర్ తీగను కదిపినప్పుడే వస్తోంది కాబట్టి ఆ చుట్టల తీగ మార్చాను, అదీ ఆగింది. ఆవిడ వెంటనే పొద్దున ఆగిపోయిన పార్టీకి ఫోన్ చేసి, అంకెలన్నీ మళ్లీ అడిగి రాసుకున్నారు. ఇరవై కాదట, అరవైయే.

మిగతా బయటి లైన్లు కూడా ఆ సీలింగ్ మీదుగానే వస్తున్నాయి. రేపు వాటి జాయింట్లు విప్పి చూడాలి. ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో చీటీలు కట్టాలి. యూపీఎస్ వాళ్లు మళ్లీ వచ్చేలోపు అది అయిపోవాలి.