థియేటర్ ఆర్ట్స్ పీజీ: అన్నీ ఒక ఎత్తు, వాచికం ఒక ఎత్తు

ఆఖరి సెమిస్టర్ ఫలితాలు వచ్చేశాయి, గట్టెక్కాను. వచ్చే ఏడు చేరాలనుకునేవాళ్లకి పనికొస్తుందని వేడివేడిగా ఉన్నప్పుడే రాస్తున్నాను.

ప్రవేశ పరీక్షకి భయపడక్కర్లేదు. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలు (శరీరంతో చేసే ఆంగికం, మాటతో చేసే వాచికం, వేషంతో చేసే ఆహార్యం, మనోభావంతో చేసే సాత్వికం), 1885లో మొదలైన సురభి నాటక సమాజాల చరిత్ర, రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ, జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నటన గురించి ఏం చెప్పారన్నది అర్థం చేసుకుని చదివితే రాతపరీక్ష దాటేస్తారు. ఆడిషన్‌కి రెండు నిమిషాల ఏకపాత్ర ఒకటి సిద్ధం చేసుకోండి. సినిమా డైలాగు మాత్రం వద్దు. ఆ నటుడి గొంతే మీ నోట్లోంచి వస్తుంది, మీ గొంతేమిటో ప్యానెల్‌కి తెలియదు. ఆంగికం క్లాసుకి పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్లకుండా ఉంటే చాలు. చరిత్ర పేపర్లు లైబ్రరీలో కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకి ఇబ్బంది కాదు.

అసలు గండం వాచికం ప్రాక్టికల్. హాల్లో మైకు ఉండదు. చేతిలో అరపేజీ వచనం. పరీక్ష పెట్టే ఆయన చివరి వరుసలో కూర్చుంటారు. వినపడని చోటల్లా చెయ్యెత్తుతారు, ఆపి మళ్లీ మొదటినుంచీ చదవాలి. ఏం వినపడలేదో చెప్పరు. పదమా, అక్షరమా, వాక్యం తోకా? "వినపడలేదు" అన్న ఒక్క మాటే. తోటివాళ్లందరి ముందూ అదే పేరా మళ్లీ మళ్లీ చదువుతూ నిలబడటం ఎంత తలవంపో, అది పడినవాళ్లకే తెలుసు. మార్కుల పట్టీలోనూ వాచికానికి ఒకటే గడి. స్పష్టతకి ఎంత, ఊపిరికి ఎంత, భావానికి ఎంత అన్న విభజనే లేదు. కొలబద్ద ఏమిటో చెప్పకుండా కొలవడం అన్యాయం. ఈ మాట డిపార్ట్‌మెంటులో ఎవరికైనా మొహం మీదే చెబుతాను.

వినపడలేదంటే అందరూ చేసేది గొంతు పెంచడం. దానివల్ల పని చెడుతుంది. అరిచినప్పుడు శ్రుతి పైకి పోతుంది, గొంతు కండరాలు బిగుసుకుంటాయి, అచ్చులు మాత్రమే పెద్దవవుతాయి. ఏ మాట అన్నామో చెప్పేవి ముఖ్యంగా హల్లులు. అవి ఎంత అరిచినా పెరగవు. పెదవులు, నాలుక గట్టిగా పనిచేస్తేనే చివరి వరుస దాకా వెళ్తాయి.

అంతకన్నా పెద్ద చిక్కు మన వాక్య నిర్మాణంలోనే ఉంది. తెలుగులో క్రియ మామూలుగా చివర వస్తుంది. ఊపిరి అయిపోయేదీ అక్కడే. "వెళ్తాను", "వెళ్లను" అన్న తేడా, "వచ్చాడు", "వచ్చాడా", "వచ్చాడే" అన్న తేడా అంతా ఆఖరి అక్షరాల్లోనే. వాక్యమంతా దంచికొట్టి తోక మింగేస్తే, పాత్ర ఒప్పుకుందో కాదందో ప్రేక్షకుడికి తెలియదు. చెయ్యి లేచే చోట్లలో ఎక్కువ భాగం ఇవేనని ఎవరూ చెప్పలేదు, రికార్డింగులు విని నేనే పట్టుకున్నాను. ఆ సంగతి తెలిశాక మా బ్యాచ్‌లో వాచికం గురించి అందరూ నన్నే అడిగేవాళ్లు.

సాధన ఇలా చెయ్యండి. ఒక చెయ్యి పక్కటెముకల కింద పెట్టి ఊపిరి పీల్చండి. భుజాలు లేవకూడదు, చెయ్యి పక్కకి జరగాలి. "స్‌స్‌" అంటూ సన్నగా, ఒకే ధారగా వదలండి. ధార వణికిన చోట ఆపేయండి, పిండి పిండి వదలొద్దు. తర్వాత వాక్యాన్ని తోకనుంచి కట్టుకురండి: "రాలేదు", "ఇంటికి రాలేదు", "ఇంకా ఇంటికి రాలేదు", "అన్నయ్య ఇంకా ఇంటికి రాలేదు". ప్రతిసారీ "రాలేదు"కి అంతే బలం ఉండాలి. కాగితం మీద ఊపిరి తీసే చోట పెన్సిలు గీత పెట్టుకోండి. క్రియకి ముందు పీల్చేలా కాకుండా, అర్థం విరిగే చోట పీల్చేలా. భ, ధ, ఘ లాంటి మహాప్రాణాలు ఎక్కువ ఊపిరి తింటాయి. పద్యనాటకంలో అవి వరసగా వస్తే ముందే లెక్క వేసుకోవాలి.

ఫోను చివరి వరుస కుర్చీలో పెట్టి రికార్డు చేయండి. దాన్ని మీరు వినడం కాదు, ఆ పాఠం ఎన్నడూ చూడనివాళ్లకి ఇచ్చి విన్నది విన్నట్టు రాయమనండి. వాళ్లు ఖాళీ వదిలిన చోటే మీ లోపం. మీకు పాఠం ముందే తెలుసు కాబట్టి మీ చెవి లేనిదాన్ని కూడా కల్పించుకుని వింటుంది.

యాస గురించి ఒక మాట. "ఆ యాస తీసేయ్" అని కొందరు మాస్టార్లు అంటారు. తీసేయకండి. పాలమూరు మాటైనా, శ్రీకాకుళం మాటైనా, చిత్తూరు మాటైనా హల్లు స్పష్టంగా పలికితే వినపడుతుంది, పలక్కపోతే పుస్తకభాష కూడా వినపడదు. స్పష్టతకీ యాసకీ ముడిపెట్టడం పిల్లల నోరు నొక్కడమే. పాత్ర కోరితే వేరే యాస నేర్చుకోండి, మీది మాత్రం దాచుకోకండి.

పరీక్షల వారంలో గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడొద్దు, గొంతుకి అదీ శ్రమే. మౌనంగా ఉండి నీళ్లు తాగుతూ ఉండండి. ఊరికే గొంతు సవరించుకోవడం మానండి. రెండు మూడు వారాలకీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి, మిరియాల పాలతో సరిపెట్టొద్దు.

డిప్లొమా ప్రొడక్షన్, అంటే కోర్సు చివర మనం వేసే నాటకం, పని ఎక్కువే గాని అర్థమయ్యే పని. స్టేజీ ప్లాన్ 1:25 కొలతలో గీయండి, కుర్చీకీ తలుపుకీ మధ్య మనిషి పట్టే జాగా ఉందో లేదో కాగితం మీదే తెలుస్తుంది. లైట్ల దగ్గర ఒక లెక్క మరవొద్దు: 230 వోల్టుల మీద 1000 వాట్ల దీపం సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల ప్లగ్గుకి మూడే. నాలుగోది తగిలిస్తే హద్దు దాటుతుంది, సరిగ్గా షో మధ్యలోనే ట్రిప్పవ్వొచ్చు. మొహం కనబడాలంటే ముందు నుంచి రెండు దీపాలు, అటూ ఇటూ 45 డిగ్రీల వారగా, పైనుంచీ అంతే కోణంలో. ఒకదానికి వెచ్చని రంగు జెల్ (దీపం ముందు పెట్టే పల్చటి రంగు రేకు), రెండోదానికి చల్లనిది.

హాలు కోసం ఆఫీసుకి పెట్టే ఉత్తరంలో హాలు ఒక్కటే అడిగితే తాళం మాత్రమే ఇస్తారు. రాత్రి తొమ్మిది దాకా హాలు మీదే, ఎలక్ట్రీషియన్ మాత్రం అయిదింటికే వెళ్లిపోతాడు. డిమ్మర్ గది (లైట్ల వెలుగు పెంచి తగ్గించే పరికరాలుండే గది) తాళం, ఎలక్ట్రీషియన్ ఉండాల్సిన గంటలు, గ్రీన్‌రూములో నీళ్లు, ఈ మూడూ అదే ఉత్తరంలో రాయించి, సంతకమైన కాపీ స్టేజీ మేనేజర్ ఫైల్లో పెట్టుకోండి.