అర లీటరు సీసాతో దుర్గం కొండ

మాది నెల్లూరే. ఉదయగిరి మాకు వంద కిలోమీటర్ల లోపే. అయినా నలభై ఏళ్ళొచ్చాయి గానీ దుర్గం ఎక్కలేదు. మా ఊళ్ళో సగం మంది సంగతి ఇంతే లెండి, హంపీ రెండుసార్లు పోయొస్తారు గానీ ఉదయగిరి బస్సెక్కరు. మొన్న జనవరిలో మా బామ్మర్ది ఎక్కడో ఒక్కరోజు ప్యాకేజీ పట్టుకొచ్చాడు. పొద్దున ఉదయగిరి కోట, మధ్యాహ్నం భైరవకోన, రాత్రికి ఇల్లు. గైడు, టిఫిను, భోజనం, నీళ్ళు అన్నీ వాళ్ళవే.

ఆ నీళ్ళ దగ్గరే దెబ్బతిన్నాం. ఐదింటికి రావాల్సిన వ్యాను ఏడుంబావుకి వచ్చింది, ఆత్మకూరులో కారం దోశలకి ఇంకో ముప్పావు గంట పోయింది, కొండ కిందికి చేరేసరికి పది దాటింది. తలా ఒక అర లీటరు సీసా చేతిలో పెట్టి ఎక్కమన్నారు. గైడు ఉదయగిరి కుర్రాడే, ముప్పై లోపు ఉంటాడు. సీసా చూసి నవ్వి "గటగటా తాగేయబాకండన్నా, పైన కొళాయిల్లేవు" అన్నాడు.

జనవరి ఎండే కదా అనుకుంటే పొరపాటు. రాయి కాలి కింద కాలుతూనే ఉంటుంది, ముళ్ళ పొదలు ప్యాంటు వదలవు. కొండ ఎత్తు 3,079 అడుగులు, పడమటి పక్క గోడ నిలబెట్టినట్టు ఉంటుంది. మొత్తం పదమూడు కోటలట, పైన ఎనిమిది, కింద ఐదు. మేం చూసింది రెండు బురుజులు, ఒక కూలిన గోడ, ఆ గోడ రాళ్ళ మధ్య వేళ్ళు దూర్చి పెరిగిన ఒక రావి చెట్టు.

ఒక ఇరుకు దగ్గర కుర్రాడు ఆగాడు. రెండు బండల మధ్య దారి, పక్కకి తిరిగితేనే పడతాం. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా రాజులు గజపతుల నుంచి ఈ కోట తీసుకోవడానికి ఏడాదిన్నర పట్టిందనీ, 1514లో గానీ చిక్కలేదనీ మనం బళ్ళో చదువుకున్నదే. నాకు తెలియనిది కుర్రాడు చెప్పాడు, నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసింది. లోపల పదివేల కాల్బలం, నాలుగొందల గుర్రాలు, అంతకంటే అవసరం లేదు, ఎందుకంటే తిండి లేకుండా మాడిస్తే తప్ప ఈ కోట పడదు అని రాశాడట. కోటకి ఒక్కటే దారి, మనిషి వెనక మనిషి పోవాల్సిందే, రాయలు బండలు పగలగొట్టించి అక్కడ వెడల్పు బాట వేయించాడట. "అయితే ఆ దారి ఇదేనా?" అని మా బామ్మర్ది ఆత్రంగా అడిగాడు. "ఇదేనని నేను చెప్పనన్నా, ఇట్లాంటిదే అయ్యుంటుంది" అన్నాడు కుర్రాడు. నాకు అక్కడే వాడి మీద గురి కుదిరింది. డబ్బు తీసుకుని ప్రతి రాయికీ ఒక రాజు కథ చెప్పే గైడ్లని చాలామందిని చూశాను.

అప్పటికి నా సీసాలో రెండు గుక్కలు మిగిలాయి. ఏడాదిన్నర ముట్టడి అని చదవడం వేరు, నాలుక అంగిలికి అంటుకుపోయి అదే మాట వినడం వేరు. ఇంకా పైనున్న మసీదు దాకా పోదామని నాకుంది, కానీ కింద నుంచి వ్యాను డ్రైవరు ఫోన్ల మీద ఫోన్లు. దిగిపోయాం. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి 1515లో గుడి కట్టించాడని కుర్రాడు దిగుతూ చెప్పాడు. అంటే హంపీలో కృష్ణుడి గుడి ముందు రెండుసార్లు ఫొటోలు దిగిన నేను, ఆ దేవుడు మా జిల్లా వాడని తెలియకుండానే దిగాను.

ఊళ్ళో ఆ కుర్రాడి వాళ్ళమ్మ చెక్క గరిటెలు చేస్తుందంటే ఐదు నిమిషాలు ఆగాం. నర్ది కర్ర ముక్కని కాళ్ళ మధ్య బిగించి చెక్కుతోంది, పొట్టు ఒళ్ళో పడుతోంది. చెంచా గుంట అడుగు ఎంత పల్చనంటే, ఎండకి ఎత్తి చూపిస్తే వెలుతురు ఎర్రగా కనిపించింది. రెండు గరిటెలు, ఒక పెద్ద చెంచా కొన్నాను. బేరం ఆడలేదు.

సీతారామపురం మీదుగా భైరవకోన చేరేసరికి మూడున్నర. అక్కడ కోన లోపలికి అడుగు పెడితేనే చల్లదనం. దాదాపు రెండొందల అడుగుల పైనుంచి జలపాతం, ఆ రోజు సన్నగానే ఉంది గానీ మాకు అదే గంగ. ఒకే కొండని తొలిచి ఎనిమిది శివాలయాలు, ఏడు తూర్పుకి, ఒకటి ఉత్తరానికి. ఏడు, ఎనిమిది శతాబ్దాల పని అంటారు. స్తంభాల అడుగున సింహాలు కూర్చుని ఉంటాయి, మహాబలిపురం చూసినవాళ్ళకి చుట్టాల్లా అనిపిస్తాయి. ఒక సింహం మూతి జనం చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయింది, నేనూ తాకాను. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల వచ్చి దుర్గమ్మ మీద పడుతుందని అక్కడి పూజారి చెప్పారు. ఆ పూట జనం తొక్కిసలాట తలుచుకుని మా బామ్మర్ది అప్పుడే వద్దన్నాడు.

భోజనం అన్నది నాలుగింటికి వచ్చింది, చల్లారిన పులిహోర. ప్యాకేజీ వాళ్ళ గురించి ఇంతకంటే చెప్పను. ఆ రెండూ ఒక్క రోజులో పెట్టడమే తప్పు, కోటకే ఒక రోజు కావాలి.

కుర్రాడి నంబరు 'దుర్గం తమ్ముడు' అని పెట్టుకున్నాను. నిన్న ఫోన్ చేస్తే, "ఈసారి ముందురోజు రాత్రే వచ్చి పడుకోండన్నా, ఐదింటికి ఎక్కుదాం, తలా మూడు లీటర్లు నేను మోయిస్తా" అన్నాడు.