యాభైకి రెండు రాత్రులు తక్కువ

ఐదు రాత్రులు, రెండు ఊళ్లు, రెండు హోటళ్లు. మారియట్ హోటళ్లలో ఎక్కువగా బస చేసేవాళ్లకి మెట్ల వారీగా సౌకర్యాలిచ్చే సభ్యత్వ పథకం మారియట్ బాన్‌వాయ్. ఆ మెట్టునే స్టేటస్ అంటారు. బయల్దేరే రోజుకి నా ఖాతాలో ఈ ఏడాది లెక్క 45 రాత్రులు. 50 పడితే నాకున్న ప్లాటినం మెట్టు నిలబడుతుంది, లేదంటే ఒక మెట్టు కిందికి, గోల్డ్‌కి. గోల్డ్‌కి 25 రాత్రులు చాలు కాబట్టి అక్కడికి దిగాక ఇంకా పడిపోయే భయం లేదు.

మొదటి హోటల్లో మూడు రాత్రులు. చెకిన్ అవుతుండగానే ఫోన్లో యాప్ తెరిచి, అదే తేదీలకు ఏయే గదులు ఇంకా అమ్మకానికి ఉన్నాయో చూశాను. సూట్, అంటే విడిగా కూర్చునే చోటున్న పెద్ద గది, కనిపిస్తే అడగడంలో అర్థం ఉంది, లేకపోతే డెస్క్ దగ్గర వాదించి లాభం లేదు. ఆ రోజు సూట్ లేదు, పై అంతస్తులో గది ఇచ్చారు. కట్టినదానికంటే మంచి గది ఇచ్చే అప్‌గ్రేడ్ అంటే అంతే, ఉంటే ఇస్తారు. దాన్ని నమ్ముకుని స్టేటస్ వెంట పడకూడదని నా అభిప్రాయం.

నిజంగా పనికొచ్చింది ప్లాటినంకి ఇచ్చే సాయంత్రం 4 గంటల చెకౌట్. మూడో రాత్రి గడిచిన మర్నాడు, రైలు రాత్రికి ఉండడంతో గది మధ్యాహ్నమంతా చేతిలో ఉంది. ముందురోజు రాత్రే డెస్క్‌కి ఫోన్ చేసి కంప్యూటర్లో ఎక్కించమనాలి. లేకపోతే మధ్యాహ్నానికి తాళం కార్డు పనిచేయడం మానేస్తుంది, సబ్బు చేతులతో కిందికి పరుగెత్తాల్సి వస్తుంది. గోల్డ్‌కి ఇదే సౌకర్యం 2 గంటల దాకా, అదీ వీలును బట్టి. రిసార్టులు, కన్వెన్షన్ హోటళ్లలో మాత్రం ప్లాటినంకి కూడా గ్యారంటీ లేదు.

గదులకి డబ్బు బదులు వాడుకోగల పాయింట్లు, స్టేటస్‌తో అదనంగా వచ్చే బోనస్ గురించి చాలామంది గొప్పగా చెబుతారు. లెక్క చూడండి. చాలా బ్రాండ్లలో డాలరుకి 10 పాయింట్లు, ప్లాటినంకి ఆ పైన 50 శాతం. రాత్రికి 150 డాలర్ల గదికి అదనంగా వచ్చేవి 750 పాయింట్లు. పాయింటుకి విలువ 0.7 సెంటు వేసుకుంటాను నేను. అంటే అయిదు డాలర్ల పైచిలుకు. పన్నుల మీద పాయింట్లు రావు. ప్లాటినంకి ఉచితంగా వచ్చే ఇద్దరి బ్రేక్‌ఫాస్ట్ విలువ దీనికంటే ఎన్నో రెట్లు. కానీ అది కూడా అన్ని బ్రాండ్లలో ఉండదు, రిట్జ్ కార్ల్‌టన్‌లో అయితే ప్లాటినంకి ఇవ్వరు.

ఇతర హోటల్ కంపెనీల పథకాల్లోనూ ఇలాంటి మెట్లే ఉంటాయి, పేర్లు చూసి మోసపోకూడదు. మారియట్ గోల్డ్‌లో బ్రేక్‌ఫాస్ట్ లేదు. హిల్టన్ గోల్డ్‌లో ఉంది, అమెరికాలో అయితే దాని బదులు తిండికి క్రెడిట్ ఇస్తారు. హయత్‌లో పై మెట్టు గ్లోబలిస్ట్‌కి 60 రాత్రులు కావాలి, అయితే పాయింట్లతో ఉన్న రాత్రులు కూడా లెక్కలోకి వస్తాయి.

రెండో హోటల్ దగ్గర తప్పు చేశాను. ఒక ట్రావెల్ సైట్లో కాస్త తక్కువకి కనిపించిందని అక్కడే కట్టేశాను. డెస్క్ దగ్గర సభ్యత్వ నంబరు చెప్పినా ఫలితం లేదు. మూడో పార్టీ ద్వారా చేసిన బుకింగ్‌కి మామూలుగా పాయింట్లూ రావు, రాత్రుల లెక్కా పడదు, స్టేటస్ సౌకర్యాలు ఇవ్వాలన్న నిబంధనా లేదు. రెండు పొద్దుల బ్రేక్‌ఫాస్ట్ బిల్లులో పడింది. సైట్లో మిగిలింది అక్కడే పోయింది.

ఇంకో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. రెండు మూడు గదులు ఒకే పేరు మీద తీసుకుంటే పాయింట్లు మూడింటికీ వస్తాయి గానీ, రాత్రి మాత్రం ఒక్కటే లెక్క. రెండోది, బిల్లు కాపీ పారేయడం. పాయింట్లు, రాత్రులు పది రోజుల్లో ఖాతాలో పడకపోతే, ఆ కాపీ జతచేసి అడిగితేనే పని త్వరగా అవుతుంది.

తిరిగొచ్చేసరికి ఖాతాలో 48. స్టేటస్ కోసమే ఇంకో రెండు రాత్రులు కొనుక్కుంటే 300 డాలర్లు. స్టేటస్ ఈ ఏడాది మిగిలిన రోజులు, వచ్చే ఏడాదంతా, ఆపై ఫిబ్రవరి చివరిదాకా ఉంటుంది. జూన్‌లో 50 అయినవాళ్లకి ఇరవై నెలలు, డిసెంబరులో అయినవాళ్లకి పద్నాలుగే. నాకు వచ్చే ఏడాది అనుకున్న ప్రయాణాలు పన్నెండు రాత్రులు, ఒక్కణ్నే. బ్రేక్‌ఫాస్ట్ 20 డాలర్లనుకున్నా 240. కొనలేదు. జనవరి 1న ఆ 48 సున్నా అవుతాయి.