మార్చిలో వచ్చే మేడే

మన హైదరాబాద్‌లో కార్మికుల పండుగ అంటే మే 1. పొద్దున్నే డిపో గేట్ల దగ్గర, ఆటో స్టాండుల దగ్గర ఎర్రజెండా ఎగరేస్తారు, లడ్డూలు పంచుతారు, ఎండ ముదిరేలోపు ఊరేగింపు ముగించేస్తారు. నేను పనిచేసిన మెల్‌బోర్న్‌లో అది మార్చి రెండో సోమవారం వస్తుంది. ఆస్ట్రేలియాలో లేబర్ డే రాష్ట్రానికో తేదీన జరుగుతుంది. సిడ్నీ వాళ్లకు అక్టోబర్‌లో, బ్రిస్బేన్ వాళ్లకు మే నెలలో.

ఆ రోజు యారా నది ఒడ్డంతా జాతరే. మూంబా అంటారు, 1955 నుంచి జరుగుతోంది. రంగుల బండ్ల ఊరేగింపు, పిల్లల ఆటలు, సొంతంగా కట్టుకున్న రెక్కలు తగిలించుకుని నదిలోకి దూకేవాళ్లు. కార్మికుడు మాత్రం ఎక్కడా కనిపించడు. ఒకప్పుడు ఇదే ఊళ్లో యూనియన్లు పెద్దపెద్ద పట్టు బ్యానర్లు పట్టుకుని వీధుల్లో నడిచేవట. ఆ ఊరేగింపులు 1951తో ఆగిపోయాయి.

అసలు కథ 1856 ఏప్రిల్ 21న మొదలైంది. మెల్‌బోర్న్ యూనివర్సిటీ భవనాలు కడుతున్న రాతి మేస్త్రీలు పనిముట్లు కింద పడేసి బయటికి నడిచారు. జేమ్స్ స్టీఫెన్స్ అనే మేస్త్రీ ముందు నడిచాడు. దారిలో కట్టుబడి జరుగుతున్న చోటల్లా పనివాళ్లను కలుపుకుంటూ పార్లమెంట్ భవనం దాకా వెళ్లారు. రోజుకు ఎనిమిది గంటలే పని, కూలి మాత్రం తగ్గకూడదు, ఇదీ వాళ్లు అడిగింది. 1851లో బంగారం బయటపడ్డాక జనమంతా గనుల వైపు పరుగెత్తడంతో ఊళ్లో చేయి తిరిగిన మేస్త్రీలు దొరకడమే కష్టంగా ఉండేది. ఆ బలం తెలిసే అడిగారు, సాధించారు. మేడేకి మూలమైన షికాగో సమ్మె దీనికి 30 ఏళ్ల తర్వాతి మాట.

మెల్‌బోర్న్‌లో యూనియన్ల ఆఫీసులుండే ట్రేడ్స్ హాల్ ఎదురుగా, రస్సెల్ వీధి మలుపులో దీనికి గుర్తుగా ఒక రాతి స్తంభం ఉంది. 1903లో చేయించారట. పైన ఒక గోళం, దాని కింద మూడు 8 అంకెలు: పనికి ఎనిమిది, విశ్రాంతికి ఎనిమిది, సొంత బతుక్కి ఎనిమిది. పక్కనుంచి బస్సులు, సైకిళ్లు పోతూనే ఉంటాయి, తలెత్తి చూసేవాళ్లు తక్కువ. నేను మాత్రం అటు వెళ్లినప్పుడల్లా ఆగేదాన్ని. ఆ మేస్త్రీలూ ఓడెక్కి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లే. స్టీఫెన్స్ వేల్స్ నుంచి వచ్చాడు. కాబట్టి ఆ అంకెలు నావి కూడా అనుకునేదాన్ని, ఇప్పటికీ అనుకుంటాను.

అయితే ఆ హక్కు అందరికీ అందలేదు. ఆడవాళ్లకు, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు చాలాకాలం దక్కనే లేదు. 1896లో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా ప్రభుత్వమే చట్టం చేసి, చైనీయుల చేతుల్లో తయారైన బల్లలు, కుర్చీల మీద విడిగా ముద్ర వేయించింది, కొనేవాళ్లు పక్కన పెట్టేయాలని. కొత్తగా వచ్చినవాడి కష్టాన్ని తక్కువగా చూడటం ఈనాటిది కాదు.

చదువుకుంటూ నేను మొదట చేరింది ఒక చిన్న కిరాణా దుకాణంలో. యజమాని తెలుగువాడే. డబ్బు చేతికే ఇచ్చేవాడు, పే స్లిప్ ఉండేది కాదు. ఆదివారమైనా, పండుగైనా ఒకటే రేటు. అడిగితే, "స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, గొడవలెందుకమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

తర్వాత ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో చేరాను. లేబర్ డే నాటి రోస్టర్, అంటే ఎవరికి ఎప్పుడు డ్యూటీ అన్న పట్టిక, గోడ మీద అంటించేవారు. అందులో తెలుగు పేర్లు, పంజాబీ పేర్లు, నేపాలీ, ఫిలిప్పీన్స్ పేర్లు. ఊరంతా నది ఒడ్డున ఉంటే మేం మంచాల దగ్గర ఉండేవాళ్లం. అక్కడ మాత్రం లెక్క పక్కాగా ఉండేది. పే స్లిప్‌లో పబ్లిక్ హాలిడే అని విడిగా ఒక వరుస, అందులో మామూలు రేటుకు రెండింతలు పైనే.

మా నాన్న ఆర్టీసీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ముషీరాబాద్‌లో ఇల్లు. ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "మరి జెండ ఎవరు ఎగరేస్తరు బిడ్డా?" అన్నాడు. జెండా లేదు నాన్నా, డబుల్ జీతం ఉంది అన్నాను. కాసేపు ఆలోచించి, "గది జెండ పట్టినోళ్లు తెచ్చిందే గదా" అన్నాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంటున్నాను. 1946లో అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసే లేబర్ మెంబర్‌గా ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీల్లో పని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గింది. ఆ 48 నేటికీ ఉంది. రోజు లెక్క మాత్రం సాగుతోంది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న షరతుతో. గచ్చిబౌలిలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగుతున్న అద్దాల మేడలు చూస్తే ఆ 48 ఎవరు లెక్కపెడుతున్నారో అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, డ్యూటీ దిగాక బాస్ ఫోన్‌కి జవాబివ్వకుండా ఉండే హక్కు చట్టంలోనే ఉంది, అలా జవాబివ్వకపోవడం అసమంజసమైతే తప్ప.

మా వీధి అమ్మాయి ఒకతె వచ్చే ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో చేరబోతోంది. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ వాళ్లు కాలేజీ గురించి, బ్యాంకు లోన్ గురించి అన్నీ చెప్పారట. పని గురించి నన్ను అడిగింది. చదువు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే చేయొచ్చని, చేసిన ప్రతి గంటా తేదీతో సహా పుస్తకంలో రాసుకోమని, పే స్లిప్ ఇవ్వని చోట చేరవద్దని చెప్పాను.

"అడిగితే వీసాకు ఏమన్నా అయితదా అక్కా?" అంది.

జీతం చట్టం వీసా చూడదు, ఇక్కడివాళ్లకు ఎంతో నీకూ అంతే అన్నాను. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ అనే ప్రభుత్వ సంస్థ ఉందని, ఫోన్ చేసి, మాట్లాడటానికి దుబాసీ కావాలని అడగొచ్చని చెప్పాను. ఆ పేరు ఫోన్‌లో రాసుకుంది.