మస్కీని వదిలే చేతులు

జె-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ చేసిన డాక్టర్లు చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అలా వెళ్లకూడదనుకుంటే, వైద్యులు సరిపడా లేని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. ఈ రెండో దారిలో చిన్న ఊళ్లకు చేరిన తెలుగు డాక్టర్లు చాలామందే ఉన్నారు. నాకు దక్కింది ఉత్తర విస్కాన్సిన్‌లోని హేవర్డ్ ప్రాంతం. ఎటు చూసినా సరస్సులు, పైన్ అడవులు. మస్కీ అనే పెద్ద మంచినీటి చేప 1955 నుంచి ఈ రాష్ట్రపు అధికారిక చేప. ఇక్కడి మంచినీటి చేపల వేట మ్యూజియంలో నాలుగున్నర అంతస్తుల ఎత్తున మస్కీ బొమ్మ కట్టారు. జనం దాని నోట్లో నిలబడి ఫొటోలు దిగుతారు.

వేసవి వచ్చిందంటే మా అత్యవసర విభాగానికి గాలాలు దిగిన చేతులు వస్తాయి. మస్కీ కోసం వాడే ఎర జానెడు పొడవుంటుంది. దానికి రెండు మూడు చోట్ల మూడు కొక్కేల గాలాలు వేలాడుతుంటాయి. ఒక కొక్కెం చేప దవడలో ఉండగా పక్క కొక్కెం మనిషి బొటనవేలిలో దిగి, ఆ సమయంలో చేప విదిలించుకుందంటే ఇక చెప్పనక్కర్లేదు. మేం మత్తు సూది వేసి, కొక్కెం మొనను చర్మం అవతలికి నెట్టి, ఎదురు ముల్లును కత్తిరించి, మిగిలిన తీగను వచ్చిన దారినే వెనక్కు తీస్తాం. ముల్లు కత్తిరించకుండా బలవంతంగా లాగితే అది కండను చీలుస్తుంది.

ఒక జూన్ సాయంత్రం ఇలాగే ఒక పెద్దాయన వచ్చారు. మస్కీ వేటకు జనాన్ని పడవ మీద తీసుకెళ్లే గైడు. ఎరను అప్పటికే విడదీసేశారు. మూడు కొక్కేల్లో రెండింటిని తానే కట్టరుతో తుంచుకుని, వేలిలో దిగినదానితో మాత్రం వచ్చారు. నర్సు మొదట అడిగింది చేప గురించే. "దాన్ని వదిలాకే బండి ఎక్కాను" అన్నారాయన. వేలికి కట్టు కట్టి, టెటనస్ సూది వేసి పంపాను. ఆ తరువాత ఒకసారి ఆయన పడవ ఎక్కి, పట్టిన చేపను ప్రాణాలతో వదిలే పనిని దగ్గరుండి చూశాను.

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట వింటూ గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని. ఫోనులో చెబితే అమ్మ, "అంత కష్టపడి పట్టి, మళ్లీ నీళ్లలో వదిలేయడమేమిటే?" అంది. కారణం చేప వయసులో ఉంది. ఆడ మస్కీ 50 అంగుళాలకు ఎదగాలంటే పదిహేనేళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పడుతుంది. చాలా సరస్సుల్లో ఎకరం నీటికి ఒక్క పెద్ద మస్కీ కూడా ఉండదు. అంతటి చేప ఒక్కటి పోయినా ఆ సరస్సుకు అది చిన్న నష్టం కాదు. ఒకప్పుడు పట్టిన ప్రతిదాన్నీ చంపి, గోడకు వేలాడదీసి ఫొటో తీసుకునేవారు. 1966లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంస్థ పుట్టి, పట్టి వదిలే పద్ధతిని ఊరూరా ప్రచారం చేసింది. విస్కాన్సిన్‌లో చాలా సరస్సుల్లో 40 అంగుళాలు దాటిన మస్కీని రోజుకు ఒకటి ఇంటికి తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది. అయినా నేనెరిగిన వేటగాళ్లెవరూ తీసుకెళ్లరు.

గైడు పడవలో అన్నిటికంటే ముందు సిద్ధమయ్యేది వల. పెద్దది, లోతైనది, రబ్బరు పూత ఉన్నది, ముడులు లేనిది. ముడులున్న నైలాను వల చేప రెక్కలను చీలుస్తుంది, ఒంటి మీది జిగురును గీరేస్తుంది. ఆ జిగురు పోయిన చోట బూజు పడుతుంది. అందుకే చేప మీద చెయ్యి వేసే ముందు ఆయన చేతులు తడుపుకుంటారు. చేప వలలో పడ్డాక దాన్ని పడవలోకి ఎత్తరు. వల నీళ్లలోనే ఉంటుంది, చేప అందులోనే ఊపిరి తీసుకుంటుంది. పొడవాటి ముక్కున్న పటకారుతో గాలం తీస్తారు. రాకపోతే కొక్కేన్నే కట్టరుతో తెంచేస్తారు. నేను ఆసుపత్రిలో చేసే పని అదే, ఆయన నీళ్లలో చేస్తారు. కొత్త కొక్కెం దొరకడం ఎంతసేపు!

ఫొటో కావాలంటే కెమెరా ముందే సిద్ధంగా ఉండాలి. ఒక చెయ్యి మొప్ప మూత అంచు కింద, ఎర్రటి మొప్పలకు తగలకుండా; రెండో చెయ్యి పొట్ట కింద. చేపను అడ్డంగానే పట్టుకోవాలి. దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే ఆ బరువంతా దవడ కీళ్లు, వెన్నెముక మోయాలి. పది సెకన్లలో మళ్లీ నీళ్లలోకి. ఈ తొందర ఎందుకో డాక్టరుగా నాకు బాగా అర్థమవుతుంది. పెనుగులాడి అలసిన చేప రక్తంలో ఆమ్లం పెరిగిపోయి ఉంటుంది, ప్రాణవాయువు అత్యవసరంగా కావలసింది అప్పుడే. గాలిలో మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి పనిచేయవు. కెనడా పరిశోధకులు 1992లో ప్రచురించిన ప్రయోగంలో, బాగా అలసిన రెయిన్‌బో ట్రౌట్ చేపలను 60 సెకన్లు నీటి బయట ఉంచితే 72 శాతం చనిపోయాయి. మస్కీ వేరే జాతి, అంకెలు మారవచ్చు. మొప్పలు పనిచేసే తీరు మాత్రం అదే.

వదిలేటప్పుడు తోక మొదట్లో పట్టుకుని, చేపను వీపు పైకి, పొట్ట కిందికి ఉండేలా నీళ్లలో నిలుపుతారు. చాలామంది దాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతుంటారు. వెనక్కు లాగితే మొప్పల్లో నీరు ఎదురు దిశలో పోతుంది, అది మేలు చేయదు. కదలకుండా పట్టుకుని ఆగాలి. బలం వచ్చాక చేపే చేతిని విదిలించుకుని వెళుతుంది.

అన్నీ తెలిసినవాళ్ల చేతుల్లోనూ ఒక్కోసారి చేప బతకదు. 2021 నవంబరులో మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సులో 55 పౌండ్ల 14.8 ఔన్సుల మస్కీ పడింది. 1957 నాటి రాష్ట్ర రికార్డును దాటిన చేప అది. పట్టినవాళ్లు గంటకు పైగా దాన్ని వదలడానికి ప్రయత్నించినా అది తేరుకోలేదు.

నడి వేసవిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. పైనీటి వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 27 సెల్సియస్ చేరిందంటే మా గైడు మస్కీ పర్యటనలు రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. షికాగో నుంచీ మినియాపొలిస్ నుంచీ సెలవులకు వచ్చే మన కుటుంబాలకు నేను చెప్పేదీ ఇదే: ఆ వారాల్లో బ్లూగిల్ అనే చిన్న చేపలు పట్టండి. అవి బోలెడన్ని ఉంటాయి, పిల్లల గాలానికీ పడతాయి, పరిమితికి లోబడి ఇంటికి తెచ్చి పులుసు కూడా పెట్టుకోవచ్చు.